రేవు పట్నంలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు

మా వంటింట్లో పొద్దుటినుంచీ వేరుశెనక్కాయలు ఉడుకుతున్నాయి. నిన్ననే నానబెట్టిన కాయలు, రెండు గుప్పిళ్ళ కల్లుప్పు, పెద్ద గిన్నె, సన్నటి సెగ. కిటికీ అద్దాలన్నిటికీ ఆవిరి పట్టి బయట అమెరికా పడమటి కొసన మా బాతెల్ ఊరి వాన కనపడడం లేదు. తడిమట్టీ ఉప్పూ తొక్కల వగరూ కలిసిన ఈ వాసన తగిలితే మన తెలుగువాళ్ళకి మామూలుగా చేలగట్లో, సంతలో, సినిమాహాలు ముందు తోపుడుబళ్ళో గుర్తుకు రావాలి. నాకు మాత్రం అద్దాలు బిగించిన ఒక పాత కారూ, సముద్రం ఒడ్డున ఒక పార్కింగ్ లాటూ, గంటలు కొడుతున్న ఒక చర్చి గడియారమూ గుర్తొస్తాయి. నేను పెరిగింది అమెరికాలో కాబట్టి నా వేరుశెనక్కాయలు కూడా అమెరికావే, దానికి నేనేం చెయ్యను.

బందరులో నేను రెండో తరగతి సగంలో ఉండగా నాన్న నన్నూ అమ్మనూ అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊరికి తీసుకొచ్చాడు. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-వన్ వీసా. మేమిద్దరం ఆయన పేరు మీద వచ్చిన డిపెండెంట్లం. అమ్మ బందరులో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పేది. ఇక్కడ ఆ వీసా మీద సుద్దముక్క పట్టుకోవడానికి కూడా వీల్లేదన్నారు. వచ్చిన రెండు మూడేళ్ళకి గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డాం, ఆ వరస కదలదు, అది కదిలేదాకా మేము కదలకూడదు. ఉండడానికి కాగితాలన్నీ ఉన్నాయి గానీ పాస్‌పోర్టుల్లో వీసా ముద్రలకి గడువు తీరిపోయింది. ఒక్కసారి దేశం దాటితే ఇండియాలో మళ్ళీ స్టాంపింగ్ చేయించుకుని గానీ రాలేం. నాన్న ఆఫీసులో ఒకాయన అలా వెళ్ళి మూడు నెలలు అక్కడే చిక్కుకుపోయాడట, తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉన్నారట. ఆ ఒకాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు గానీ మా ఇంట్లో అన్నాల దగ్గర ఆయన ప్రస్తావన రాని వారం లేదు. అందుకని కారు ఎంత దూరం పోగలిగితే మా ప్రపంచమూ అంతే దూరం ఉండేది.

ఆ ప్రపంచానికి దక్షిణపు చివర చార్లెస్టన్ అనే రేవు పట్నం. హెర్న్‌డన్ నుంచి తొమ్మిది గంటల డ్రైవ్, ఏటా చలి తగ్గుముఖం పట్టగానే ఒకసారి. తెల్లవారుజామున లేపి కూర్చోబెడితే, వెనక సీట్లో నాకు ఒకపక్క రైస్ కుక్కరు, ఇంకోపక్క దుప్పటి చుట్టిన పెరుగు గిన్నె, కాళ్ళ కింద పులిహోర డబ్బా, ఒళ్ళో ఆవకాయ సీసా. సీసా మూత వదులైతే మోటెల్ దాకా ఆ వాసన వదలదని రెండు చేతులతో అదిమిపట్టుకోవడం నా డ్యూటీ. అద్దాలు దించితే నాన్నకి హైవే హోరు పడదు, ఏసీ వేస్తే అమ్మకి తలనొప్పి, కాబట్టి అద్దాలు బిగించి, ఏసీ ఆపి, ఇంగువా పెట్రోలూ కలిసిన గాలి పీలుస్తూ రిచ్‌మండ్ దాటేవాళ్ళం. నార్త్ కరోలైనా పైన్ చెట్లు మొదలైతే అవి అయిపోవు. రెండు వరసల చెట్లు, మధ్యన రోడ్డు, ముందు సీట్లో ఇద్దరి తలకాయలు, ఇంతే చూస్తూ నేను పెద్దదాన్నయిపోతానేమోనని భయం వేసేది.

అన్ని గంటలూ ముక్కు మూసుకున్న అమ్మ, ఊరి బయట తీగల వంతెన ఎక్కగానే అద్దం దించేది. కింద నది సముద్రంలో కలిసే చోట ఆటుకి బయటపడ్డ నల్లబురద, రెల్లు లాంటి గడ్డి, కుళ్ళిన గుడ్డు వాసన. మిగతా టూరిస్టులందరూ మొహం చిట్లించే ఆ వాసనని మా అమ్మ గుండెల నిండా పీల్చుకునేది. "మన చిలకలపూడి దాటాక వచ్చే వాసనే ఇది. ఓడలు రావడం మానేసినా బందరుకి ఈ వాసన పోలేదు," అనేది. నాన్న అద్దంలో నావైపు చూసి కన్ను కొట్టేవాడు. ప్రతి ఏడూ అదే వంతెన మీద అదే మాట, అదే కన్ను కొట్టడం.

చూడవలసినవాటిని తక్కువ చెయ్యను, ఊరు నిజంగా బావుంటుంది. నీళ్ళ ఎదురుగా గులాబీ, పసుపు, లేతాకుపచ్చ రంగుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ పాత ఇళ్ళు, వీధివైపు పక్కకి తిరిగి గాలి కోసం మొహమంతా వరండా చేసుకున్న పెద్ద మేడలు, రాళ్ళు పరిచిన సందుల్లో గుర్రబ్బళ్ళు, వాటి వెనకాల పేడ వాసన, అనాసపండు ఆకారంలో ఒక ఫౌంటెను, సముద్రపు గోడ దగ్గర తుప్పు పట్టిన ఫిరంగులు, వాటిమీదెక్కి ఫొటోలు దిగే నాలాంటి పిల్లలు. దూరంగా సముద్రం మధ్యన కోట, దానికి వెళ్ళే పడవ. పొడుగాటి ఇటుకల మార్కెట్లో నల్లజాతి పెద్దవాళ్ళు తియ్యటి వాసన వచ్చే ఒక గడ్డితో బుట్టలల్లుతూ కూర్చునేవారు. అమ్మ ఒకావిడ ముందు అరగంట కూర్చుండిపోయి ఆ వేళ్ళవంకే చూసేది. ఒకరి భాష ఒకరికి సరిగ్గా అందేది కాదు గానీ, మెలిక ఎక్కడ తిప్పాలో ఆవిడ అమ్మకి రెండుసార్లు విప్పి చూపించింది.

ఒక పాత భవనం గోడలో ఇటుకల మీద చిన్న చిన్న వేళ్ళ గుర్తులుండేవి. బానిసల పిల్లలు పచ్చి ఇటుకలు తిరగేసేటప్పుడు పడ్డ వేలిముద్రలని గైడు చెప్పాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ గుంటలో నా వేలు పెట్టించింది, సరిగ్గా సరిపోయింది. ఆ ఊళ్ళో నేను ఇరుక్కుపోయానని ఇవాళ రాస్తున్నాను గానీ, ఆ వేళ్ళ ముందు ఆ మాట అనడానికి నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఇక తిండి. ఆ ఊరికి జనం తినడానికే వస్తారు, మేము మాత్రం మోటెల్ గదిలో కుక్కరు పెట్టుకుని పెరుగన్నం తినేవాళ్ళం. అయినా అమ్మ ఆ ఊరి తిండిని వదిలిపెట్టలేదు; కొన్నవాటికంటే రుచి చూడమని ఇచ్చినవే ఎక్కువ. మిఠాయి కొట్లవాళ్ళు గుమ్మంలోనే వెన్నా పంచదారా పాకంలో గింజలు పోసి, రాతిబల్ల మీద ఆరబెట్టి, వెచ్చటి ముక్క చేతిలో పెట్టేవారు. పల్చటి నువ్వుల బిళ్ళలుండేవి. నువ్వుల్ని అక్కడ బెన్నె అంటారట, ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన వాళ్ళతోబాటు వచ్చిన పేరట. ఒక్కసారి మాత్రం హోటల్లో కూర్చుని రొయ్యలూ మొక్కజొన్న జావా తెప్పించుకున్నాం. "వీళ్ళు ఉప్పుపిండి పల్చగా చేసి రొయ్యల కూరేసుకున్నారండీ," అని అమ్మ తీర్పు చెప్పింది. బెండకాయ చారు లాంటిది ఒకటి ఇస్తే చింతపండు మర్చిపోయారంది.

అన్నిటికంటే వేరుశెనక్కాయలు. సముద్రపు గోడకి దారిలో ఒక పెద్దావిడ గొడుగు కింద పెద్ద పాత్ర పెట్టుకుని, ఉప్పునీళ్ళలో ఉడికిన కాయల్ని జల్లిగరిటతో తోడి కాగితం సంచిలో పోసేది. "హౌ యూ డూయింగ్, బేబీ?" అని మా ముగ్గురినీ, బట్టతల నాన్నతో సహా, బేబీ అనే పిలిచేది. సంచి నిండాక ఇంకో గుప్పెడు పైన వేసేది. అమెరికాలో కొసరు వేసేవాళ్ళు ఈవిడొక్కతేనని అమ్మ ఆవిడకి వీరాభిమాని అయిపోయింది. కాయ పళ్ళతో నొక్కితే ముందు ఉప్పునీళ్ళు చిమ్మి, తరవాత మెత్తటి గింజ నాలిక మీదికి జారేది.

ఇదంతా మొదటి ఏడు, రెండో ఏడు. నాలుగో ఏటికి నాకు ఆ ఊరంటే ఒళ్ళు మండడం మొదలైంది. స్కూల్లో నా ఫ్రెండ్స్ వేసవికి ఇండియా వెళ్ళొచ్చి గోరింటాకు చేతులు చూపించేవారు; నేను అదే ఫిరంగి మీద అదే ఫొటో. "మళ్ళీ అక్కడికేనా?" అంటే నాన్న "సముద్రం ఉంది కదమ్మా," అనేవాడు. సముద్రపు గోడ దగ్గర నిలబడి అమ్మ సరుకుల ఓడలు బయటికి వెళ్ళడం చూస్తుంటే నేను ఇసక తన్నుతూ ఉండేదాన్ని. ఓడలు వెళ్ళేవి, మేము కారెక్కి వెనక్కి వచ్చేవాళ్ళం.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా విజ్జి పిన్ని పెళ్ళి కుదిరింది. విజ్జి పిన్ని అమ్మకి ఒక్కతే చెల్లెలు, అమ్మ చేతుల్లో పెరిగింది. బందరులో నన్ను చంకనేసుకుని తిరిగిన రోజుల్లోనే, తన పెళ్ళికి నేనే తోడపెళ్ళికూతుర్నని మాట ఇచ్చింది. పెళ్ళికూతురి పక్కన అదే అలంకారంతో చిన్నపిల్లని కూర్చోబెడతారే, ఆ పిల్లని నేను. వెళ్ళడానికి వీల్లేదని పెద్దవాళ్ళు వారం రోజుల్లో తేల్చుకున్నారు. నాకు మాత్రం నెలయ్యాక, అమ్మమ్మ ఫోన్లో నా పరికిణీ కొలత అడిగి, మావయ్య కూతురు హారికకి సరిపోతుందో లేదో చూడడానికని చెప్పినప్పుడు తెలిసింది. నేను ఏడవలేదు. కొలత చెప్పి ఫోను అమ్మకిచ్చేసి, రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

పెళ్ళి మార్చిలో ఒక ఆదివారం, బందరులో రాత్రి ఎనిమిదింబావుకి ముహూర్తం. ఇంట్లో కూర్చుంటే అమ్మ ఏడుస్తుందని, సోమవారం నాకెలాగూ సెలవుందని, శనివారం చార్లెస్టన్‌కి బయల్దేరదీసింది నాన్నే. ఏర్పాటు ఇదీ: జీలకర్రా బెల్లం పెట్టే వేళకి మేము ఫోన్ చేస్తాం, మావయ్య ఆ ఫోను పిన్ని చెవి దగ్గర పెడతాడు, అమ్మ ఇక్కడినుంచి దీవిస్తుంది. "అక్క గొంతు వినపడితే గానీ బెల్లం పెట్టను," అని పిన్ని పంతం పట్టింది. నాన్న ఆఫీసులో లెక్కలు వేసుకొచ్చాడు. ఆ ఆదివారమే అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరుగుతాయి, ఇండియాకీ మనకీ తేడా పదిన్నర గంటల నుంచి తొమ్మిదిన్నరకి తగ్గుతుంది, కాబట్టి మనకి పొద్దున్న పదీ నలభై అయిదు. పసుపు కాగితం మీద రాసి, జేబులో పెట్టుకున్నాడు. లెక్క తప్పు పోలేదు. శనివారం తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి, మోటెల్లో మంచమెక్కి, తన చేతిగడియారాన్నీ కార్లో గడియారాన్నీ ఆ గంట జరపడం మర్చిపోయి నిద్రపోయాడు, అంతే. అప్పట్లో ఇంటికంతా ఒకటే సెల్‌ఫోను. దాని ఛార్జర్ హెర్న్‌డన్‌లో మర్చిపోయామని, పెళ్ళి వేళకి ఛార్జ్ మిగలాలని, దాన్ని స్విచ్ ఆఫ్ చేసి కార్లో పెట్టాడు. సమయం సరిగ్గా చెప్పగలిగిన వస్తువు మా దగ్గర అదొక్కటే.

ఆదివారం పొద్దున్న అమ్మ తలస్నానం చేసి, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. నలిగిన చర్మంలాంటి కార్పెట్టూ, ఏసీ తుప్పు వాసనా ఉన్న ఆ గదిలో అమ్మ అద్దం ముందు బొట్టు పెట్టుకుంటుంటే నాకు కోపం వచ్చింది, ఎవరికి చూపించడానికి ఇదంతా అని. సముద్రపు గోడ మీద కూర్చున్నాం. నాన్న వేరుశెనక్కాయలకి వెళ్ళాడు. ఇళ్ళ కప్పుల మీదుగా తెల్లటి చర్చి శిఖరం, దానికి గడియారం. అది గంటలు కొట్టడం మొదలుపెట్టింది. ఊసుపోక లెక్కపెట్టాను, పది. అప్పుడే నాన్న సంచితో వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఆయన మణికట్టు మీద తొమ్మిది.

నాకు వెంటనే అర్థమైంది. శుక్రవారం స్కూల్లో టీచరు బోర్డు మీద గడియారం బొమ్మ వేసి మరీ చెప్పింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఇంకాసేపట్లో ఆ ఫోన్లో సన్నాయి వినాలి, ఎవరో ఒకరు హారిక పరికిణీ ఎంత బావుందో చెబుతారు, "నీకు బదులు కూర్చుందమ్మా" అంటారు, నేను పార్కింగ్ లాటులో నిలబడి "హాయ్ పిన్నీ" అనాలి. నేను లేకుండా అయ్యే పెళ్ళి నేను వినకుండానే అయిపోనీ అనుకున్నాను. కాయలు ఒలుచుకుని తిన్నాను. కావాలనే చేశానని ఇవాళ దాచుకోను.

ఆ పూట అమ్మ కూడా మామూలుగా లేదు. పట్టుచీర కొంగు తడుస్తుందని కూడా చూసుకోకుండా ఒక్కో కాయా నిదానంగా వలిచి, గింజలు నా చేతిలో పోస్తూ, తొక్కలు ఒళ్ళో పోగేసుకుంటూ కూర్చుంది. సంచి అయిపోతే ఇంకొకటి తెమ్మంది. ఒక ఓడ కోట పక్కనుంచి బయటికి పోతోంది. నాన్న రెండుసార్లు గడియారం చూసుకుని, "ఇంకా టైముంది శారదా," అన్నాడు. అమ్మ "ఊఁ" అంది.

నాన్న గడియారంలో పదిన్నరకి కారు దగ్గరికి నడిచాం. ఆయన ఫోన్ ఆన్ చేసి, దాని తెరవంక చూసి, చేతిగడియారం చూసి, పసుపు కాగితం తీసి చూసి, మళ్ళీ తెర చూశాడు. పదకొండున్నర. కాలింగ్ కార్డు నంబర్లు తప్పు నొక్కి మూడుసార్లు మొదటికొచ్చాడు. అటువైపు మావయ్య గొంతు కారు బయటికి కూడా వినపడింది.

"ఏమైపోయారు బావా? గంట నుంచీ చేస్తుంటే స్విచ్డాఫ్ అంటాది. తాళి కట్టేశారు, తలంబ్రాలు కూడా అయిపోయినయ్యి. అది ఫోను కోసం చూసీ చూసీ, పంతులు గారు కోప్పడితే అప్పుడు పెట్టింది బెల్లం."

అమ్మ ఫోను తీసుకుంది. "విజ్జీ, నేనేనే," అని ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. తరవాత, "మీ బావ టైము చూసుకోలేదే," అంది.

నాన్న నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చేతిగడియారం విప్పి, పక్కన కీ లాగి, ముల్లు ఒక చుట్టు తిప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తిరుగు ప్రయాణం తొమ్మిది గంటలూ అద్దాలు బిగించిన ఆ కార్లో ఆవకాయ సీసా ఒళ్ళో పెట్టుకుని నేను నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాను.

ఆ తరవాత ఏటా మార్చిలోనూ నవంబరులోనూ గడియారాలు మారే శనివారం, నాన్న సాయంత్రం ఆరింటికే స్టూలు వేసుకుని గోడగడియారంతో మొదలుపెట్టేవాడు. ఓవెను, మైక్రోవేవు, కారు, అమ్మ చేతిగడియారం, నా అలారం. ఎవరింటికైనా భోజనానికి వెళితే వాళ్ళ గడియారాలు కూడా చూసేవాడు, షాంటిలీలో ఒక అంకులింట్లో కుర్చీ ఎక్కబోతే వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను కాలేజీకి వెళ్ళినా, ఉద్యోగానికి ఈ బాతెల్‌కొచ్చినా, ఆ రెండు శనివారాలూ సాయంత్రం ఫోన్ తప్పదు. "క్లాక్ మార్చావా బుజ్జీ?" ఇప్పుడన్నీ వాటంతటవే మారతాయి నాన్నా అని ఎన్నిసార్లు చెప్పినా, "ఒకసారి చూసుకోమ్మా," అంటాడు.

నేను హైస్కూలు చివర్లో ఉండగా గ్రీన్‌కార్డులు వచ్చాయి. అమ్మ ఆ నెలలోనే బందరు వెళ్ళింది. పిన్ని కొడుకు అప్పటికి అక్షరాలు దిద్దుతున్నాడు. ఆ తరవాత మేము చార్లెస్టన్ వెళ్ళనే లేదు. ఎక్కడికైనా వెళ్ళగలిగినప్పుడు అక్కడికి వెళ్ళాలని ఎవరికీ తోచలేదు. పాత కారు అమ్మేశాం, గడియారం సరిగ్గా ఉండగానే. కాలింగ్ కార్డులు పోయాయి, రైస్ కుక్కరు మూత విరిగింది. గొడుగు కింద పెద్దావిడ అప్పటికే ముసలిది, ఇప్పుడు ఉందో లేదో. పోయిన ఏడు ఆఫీసు పని మీద ఆ ఊరు వెళితే ఆవిడ చోట సైకిళ్ళు అద్దెకిచ్చే బడ్డీ ఉంది. చర్చి గడియారం మాత్రం కొడుతూనే ఉంది.

పోయిన నెలలో హెర్న్‌డన్ వెళ్ళినప్పుడు అమ్మా నేనూ వంటింట్లో కాయలు వలుస్తుంటే, ఎందుకో ఆపుకోలేక చెప్పేశాను. ఆ రోజు గంటలు విన్నానమ్మా, తెలిసే ఊరుకున్నాను అని. అమ్మ చెయ్యి ఆగలేదు.

"పది కొట్టింది," అంది. "నేనూ లెక్కపెట్టాను."

నేను చేతిలో కాయ పక్కన పెట్టాను.

"లెక్కల టీచర్ని, నాకు తెలీదా? మీ నాన్న చేతికి తొమ్మిది ఉంది. చెప్దామనే అనుకున్నా. నా చెల్లెలి పెళ్ళి ఆ కార్లో కూచుని చెవితో వినాలా అనిపించింది. కాళ్ళు లేవలేదే."

"మరి నాన్న?"

అమ్మ తొక్కలన్నీ దోసిలితో ఎత్తి చెత్తబుట్టలో పోసొచ్చి కూర్చుంది. "మీ నాన్నదే తప్పని ఆ రోజు విజ్జితో అనేశాను. తెల్లారి చెప్దామనుకున్నా. ఆ తరవాత ఆయన స్టూలెక్కి గడియారాలు తిప్పుతుంటే చూసి ఇంకేం చెప్పను? చెప్తే నువ్వే చెప్పాలి. నాకిక నోరు రాదు."

నాకూ నోరు రాలేదు, అందుకే రాశాను. చిన్నప్పుడు ఆదివారాలు డిక్టేషన్ చెప్పి నా తెలుగు పోకుండా కాపాడింది నాన్నే, ఈనాటికీ నేనేది రాసినా పత్రికకి పంపేముందు చదివి దిద్దేదీ ఆయనే. ఇంతవరకూ రాసింది ఇవాళ మధ్యాహ్నం ఆయనకి పంపించి, చెయ్యడానికి ఏమీ తోచక ఉడుకుతున్న గిన్నెలో ఇంకాసిని నీళ్ళు పోశాను. ఇవాళ గడియారాలు మారే శనివారం. హెర్న్‌డన్‌లో ఆరు దాటింది, ఏడు దాటింది. ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"చదివానమ్మా. రెండు మూడు చోట్ల దిద్ది పంపించా," అన్నాడు. వెనకాల అమ్మ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న చప్పుడు వినపడుతోంది. "అచ్చయ్యాక మీ అమ్మే చూసుకుంటుందిలే. అప్పటిదాకా నేను చదివానని తనతో అనకు. బాధపడుద్ది."

సరేనన్నాను. కాయలు ఉడికాయా అని అడిగాడు, ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నాడు, అక్కడ వాన తగ్గిందా అన్నాడు. ఫోన్ పెట్టేసి, పొయ్యి ఆపి, ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి నాన్న గడియారం మార్చావా అని అడగలేదు.